సొరుగులో ఉండిపోయిన వరంగల్ ఫారం

2001లో నన్ను అహేరి నుంచి, మహారాష్ట్ర కొసన గోదావరి ఒడ్డున ఉన్న సిరోంచా గ్రామీణ ఆసుపత్రికి ఇన్‌ఛార్జి సిస్టర్‌గా బదిలీ చేశారు. మరాఠీ ఉత్తర్వుల్లో ఆ హోదాను ‘పరిసేవిక’ అంటారు. స్టాఫ్ నర్సుకు ఒక మెట్టు పైన, మేట్రన్‌కు ఒక మెట్టు కింద. మా ఆసుపత్రిలో మేట్రన్ పోస్టే లేదు కాబట్టి డాక్టర్ సంతకం ఒక్కటి తప్ప మిగతావన్నీ నా నెత్తినే ఉండేవి. వార్డు, లేబర్ రూము, మందుల ఇండెంటు, డ్యూటీ పట్టిక, సర్టిఫికెట్ల పుస్తకం అన్నీ నేనే చూసేదాన్ని. నేను పుట్టింది పక్కనే ఉన్న అంకిసలో. మా నాన్న జీవితమంతా ఇతరుల మడుల్లో కూలి చేసిన మనిషి. అలాంటి ఇంటి పిల్ల చంద్రపూర్‌లో నర్సింగు చదివి, సొంత తాలూకాకు తాళంచెవుల గుత్తితో తిరిగి రావడం నాకు బాగా గర్వంగా ఉండేది. ఆసుపత్రి నాదేనన్నట్టు నడుచుకునేదాన్ని.

మా అసలు కష్టం డాక్టర్లతో. ఎప్పుడు చూసినా ఒక పోస్టు ఖాళీ. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బాండు మీద వచ్చే కుర్రవాళ్ళు. ప్రభుత్వ కాలేజీలో చదివినందుకు కొంతకాలం ప్రభుత్వం పంపిన చోట పని చేస్తామని రాసిచ్చే ఒప్పందాన్ని బాండు అంటారు. పాపం మంచి పిల్లలే, పని తెలిసినవాళ్ళే. కానీ వాళ్ళది మరాఠీ, రోగులది తెలుగు. అడవి పల్లెల నుంచి వచ్చేవాళ్ళది గోండి. ముసలమ్మ కడుపులో ఎలా మెలిపెడుతుందో పావుగంట చెబితే డాక్టర్ నా మొహం చూసేవాడు. నేను మూడు ముక్కల్లో మరాఠీ చేసి చెప్పేదాన్ని. ఆ మూడు ముక్కల్లో పోయినదెంతో నాకు తెలుసు. తెలుగు తెలిసిన డాక్టర్ ఒక్కరు ఉంటే చాలని ప్రతి వానాకాలం అనుకునేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర కుదరని కేసుల్ని జిల్లా ఆసుపత్రికి పంపడాన్ని ‘రెఫర్’ చేయడం అంటాం. నిబంధన ప్రకారం మా రెఫర్ గడ్చిరోలికి. అడవి దారిలో రెండు వందల కిలోమీటర్ల పైమాట. గోదావరి దాటితే మాత్రం వరంగల్ అందులో సగం దూరం. అప్పటికి నది మీద వంతెన లేదు. నిబంధన కోసం మేము రిజిస్టర్లో ‘గడ్చిరోలి’ అని రాసి చీటీ ఇచ్చేవాళ్ళం. బంధువులు ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని రోగిని పడవెక్కించేవాళ్ళు. రేవు దాకా మా అంబులెన్సే దింపి వచ్చేది. ఇది అందరికీ తెలిసిన ఏర్పాటు, ఎవరూ నోరెత్తి మాట్లాడని ఏర్పాటు.

ఆ అంబులెన్సు డ్రైవరు పోచన్న. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. అతని భార్య భాగ్యలక్ష్మి అవతలి ఒడ్డున కాళేశ్వరం దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులమ్మ. రోజూ పొద్దున పడవ, సాయంత్రం పడవ. భర్తకు జీతం మహారాష్ట్ర ఇస్తుంది, భార్యకు ఆంధ్రప్రదేశ్ ఇస్తుంది. ‘మీ ఇంట్లో రెండు ప్రభుత్వాలు, ఏదీ పడిపోదు’ అని నేను ఆటపట్టించేదాన్ని. వాళ్ళకు ఒక్కతే కూతురు, రజిత. నన్ను అత్తా అని పిలిచేది. లేబర్ రూము గుమ్మం దగ్గర నిలబడి సందేహాలు అడుగుతుంటే నేను కసిరి పంపేదాన్ని. మర్నాడు మళ్ళీ వచ్చేది.

2004లో రజిత పన్నెండో తరగతి పాసై రెండు రాష్ట్రాల ప్రవేశపరీక్షలూ రాసింది. సిరోంచాలో చదివింది కాబట్టి మహారాష్ట్ర సీటుకు అర్హత ఉంది. తల్లి ఆంధ్ర ప్రభుత్వోద్యోగి కాబట్టి అటువైపు స్థానికేతరులకు ఉంచిన కొద్ది సీట్లలోనూ పోటీ పడవచ్చు. మా వైపు పిల్లలకు రెండు గుమ్మాలూ తెరుచుకోవడం అరుదు. రజితకు తెరుచుకున్నాయి. నాగపూర్‌లో ఒక వైద్య కళాశాలలో సీటు, వరంగల్‌లో ఒక దాంట్లో సీటు. ఊరంతా పండగ చేసుకుంది.

పండగ రెండు రోజులే. కౌన్సెలింగులో అసలు సర్టిఫికెట్లు చూసి వెనక్కి ఇస్తారు. చేరేటప్పుడు మాత్రం కాలేజీవాళ్ళు వాటిని తీసి బీరువాలో పెట్టేసుకుంటారు. ఉన్నది ఒక్క కట్ట. ఒకచోట ఇస్తే రెండోచోటు పోయినట్టే. రెండింటికీ గడువు అదే శనివారం. పోచన్న నాగపూర్ అన్నాడు, భాగ్యలక్ష్మి వరంగల్ అంది. రజిత ఏదీ అనలేదు. రెండు కాలేజీల ఫిట్‌నెస్ ఫారాలూ పట్టుకుని సోమవారం పొద్దున నా దగ్గరికి వచ్చింది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఎత్తు, బరువు, చూపు, రంగులు గుర్తుపట్టడం, రక్తపోటు చూసి నింపడం నా పని. కింద సంతకం పెట్టి గుండ్రటి ముద్ర వేయడం మెడికల్ ఆఫీసర్ పని. రజిత బరువు నలభై ఒక్క కిలోలు. ‘డాక్టరువు అయ్యేలోపు గాలికి ఎగిరిపోకు’ అన్నాను. ఆమె నవ్వి నా బల్ల మీది రెఫర్ రిజిస్టర్ తిప్పుతూ అడిగింది.

‘అత్తా, గిండ్ల అందరికి గడ్చిరోలి అని రాసిండ్రు గదా. పోయినోళ్లు మంచిగయిండ్రా లేదా ఏడ రాస్తరు?’

‘ఏడా రాయం. పో, నీకెందుకు’ అన్నాను.

నాగపూర్ ఫారం అప్పుడే సంతకం చేయించి ఇచ్చేశాను. వరంగల్ ఫారాన్ని నా సొరుగులో పెట్టాను. డాక్టర్‌గారు ఒకదాని మీదే సంతకం పెట్టి గడ్చిరోలిలో మీటింగుకు బయలుదేరిపోయారని, బుధవారం వస్తారని చెప్పాను. ఆయన పక్కగదిలో ఎక్స్‌రే చూస్తున్నాడు.

ఎందుకు చేశానో దాచను. నాగపూర్‌లో చదివితే బాండు ఉంటుంది, బాండు ఉంటే మా జిల్లాకు పంపుతారు, పంపితే మా ఆసుపత్రికి తెలుగు తెలిసిన డాక్టరమ్మ వస్తుంది. వరంగల్‌లో చదివితే అటే పోతుంది. ఇదీ నా లెక్క. రెండు రోజులు ఆలస్యమైతే పోచన్న మాటే నెగ్గుతుందనుకున్నాను. ఆ పిల్లకు మేలు చేస్తున్నాననే నమ్మాను కూడా.

భాగ్యలక్ష్మి మంగళవారం పడవకే బయలుదేరదామనుకుందట. ఫారం లేకుండా ఎలా అని ఆగింది. మంగళవారం మధ్యాహ్నానికి గోదావరి పెరిగింది, బుధవారం పడవలు ఆపేశారు. ఆ రోజు నేను సంతకం చేయించిన ఫారం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి భాగ్యలక్ష్మి గడపలో కూర్చుని ఏడుస్తోంది. నా మీద అనుమానం లేదామెకు. ‘ఏం జేస్తం వదినె, నా బిడ్డ నసీబు’ అంది. ఫారం ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

వరంగల్‌కు ఇంకో దారి ఉంది. దక్షిణాన ఉన్న ఊరికి ఉత్తరంగా వెళ్ళాలి. అల్లపల్లి మీదుగా బల్లార్షా చేరితే అక్కడ రైలు దొరుకుతుంది, ఒకటి నాగపూర్‌కు, ఒకటి కాజీపేట, వరంగల్‌కు. ముందు బల్లార్షా చేరదాం, ఎటో అక్కడ తేల్చుకుందాం అన్నాడు పోచన్న. నేను సెలవు చీటీ రాసిచ్చి గురువారం పొద్దున వాళ్ళ వెంట ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు, ఎక్కాను. భాగ్యలక్ష్మికి జ్వరం, రాలేకపోయింది. వదినె తోడుంది గదా, నాకేం పరేషాన్ లేదని నాతోనే అంది.

అల్లపల్లికి ఇవతల వాగు రోడ్డు మీదికి వచ్చింది. బస్సు నాలుగు గంటలు ఆగింది. జనం దిగి టేకు చెట్ల కింద నిలబడ్డారు. మేము ముగ్గురం బస్సులోనే ఉన్నాం. అక్కడ ఇక ఉండబట్టలేక చెప్పేశాను. డాక్టర్ ఎక్కడికీ పోలేదని, ఫారం నా సొరుగులోనే ఉందని.

పోచన్న కిటికీలోంచి వాగు చూస్తూ మెల్లగా అన్నాడు. ‘నాకెర్కనే అక్కా. సాబ్ గడ్చిరోలి పోతె బండి తోలేది నేనే గదా. సోమారం బండి షెడ్డులనే ఉండె.’

మూడేళ్ళుగా ఆ మనిషి బండి తాళాలు నా బల్ల మీదే పెట్టి వెళ్తున్నాడు. ఊళ్ళో ఎవరికి ఆ అబద్ధం చెప్పినా చెల్లేది. చెప్పకూడని ఒకే ఒక్క ఇంటి పిల్లకు చెప్పాను. అయినా అతను నోరు విప్పలేదు, ఎందుకంటే అతనికీ నాగపూరే కావాలి. తన బిడ్డ డాక్టరై తన బండిలో ముందు సీట్లో కూర్చోవాలని అతని ఆశ. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఉండిపోయాం. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు సర్వీసులో మళ్ళీ ఎన్నడూ పడలేదు.

రజిత అరవలేదు. బస్సు దిగి వాగు దగ్గరికి వెళ్ళి నిలబడింది. సాయంత్రం నీళ్ళు తగ్గి బస్సు కదిలేటప్పుడే తిరిగి ఎక్కింది. అల్లపల్లిలో పోచన్నకు తెలిసిన ఫారెస్టు గార్డు ఇంట్లో ఆగాం. అక్కడ గార్డు భార్యతోనే మాట్లాడింది.

శుక్రవారం పదిగంటలకు బల్లార్షా స్టేషన్లో ఉన్నాం. నాగపూర్ వెళ్ళే బండి ముందు వచ్చింది. పోచన్న అలవాటుగా పెట్టె ఎత్తాడు. రజిత బెంచీ మీద నుంచి లేవలేదు.

‘బాపూ, జర పెట్టె కింద వెట్టు’ అంది. ‘నేనింక చదువే మొదలువెట్టలే. మీరిద్దరు గలిసి అప్పుడే నన్ను దవాఖానల డ్యూటీకి ఏసిండ్రు.’

పోచన్న పెట్టె దించాడు. నేనేదో సర్దిచెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

‘నువ్వు చీటీ రాస్తవు అత్తా. బాపు రేవుల దించి వస్తడు. ఆడికెల్లి వాళ్లు ఏమయితున్నరో నీకెర్కనా? బాపుకెర్కనా? సచ్చిండ్రో బతికిండ్రో మీ రిజిస్టర్ల లేదు. మనోళ్లు పోయేది వరంగలే. నేను గాడ్నే చదువుత. ఆడ ఎవరన్న ఒకరు మనోళ్లు ఉండాలె గదా.’

నాగపూర్ బండి వెళ్ళిపోయింది. ముగ్గురం ప్లాట్‌ఫారం మీద కూర్చుని గార్డు భార్య కట్టిచ్చిన జొన్నరొట్టెలు తిన్నాం. పోచన్న కళ్ళు తుడుచుకుని, ఫీజు కాగితాలు మరోసారి సరిచూశాడు. మధ్యాహ్నం బండికి వాళ్ళిద్దరూ వరంగల్ వెళ్ళారు. బండి కదిలేముందు రజిత కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. క్షమించానని అనలేదు. ‘పేషెంట్ల పేర్లు పంపుతుండు అత్తా’ అంది. శనివారం మధ్యాహ్నం, గడువుకు మూడు గంటల ముందు, చేరిపోయిందని ఫోన్ వచ్చింది.

భాగ్యలక్ష్మికి అసలు సంగతి నేనే చెప్పాను. నెలరోజులు నాతో మాట్లాడలేదు, నేను ఎదురైతే గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళేది. తరువాత ఒకరోజు పోచన్న చేత చేపల పులుసు పంపింది. గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళితే, ‘ఇగ నా ఇంటి కాయితాలకు చెయ్యి వెట్టకు వదినె’ అంది. పెట్టనని ఒప్పుకుని, అక్కడే టీ తాగి వచ్చాను.

ఆ ఏడాది నుంచి పడవెక్కే ప్రతి కేసు బంధువు చేతిలో రెండో చీటీ పెట్టేదాన్ని, రజిత పేరు, హాస్టల్ ఫోన్ నంబరు రాసి. మొదటి సంవత్సరం విద్యార్థికి వైద్యమేం తెలుస్తుంది? కానీ వాళ్ళ కాలేజీ ఆసుపత్రిలో ఏ వార్డు ఎటుందో తెలుసు, రోగి మాట తెలుసు. పాతగూడెం వైపు నుంచి వచ్చిన బాలింతరాలి దగ్గర మూడు రోజులు క్లాసులు అయ్యాక కూర్చుంది. ఆదివారాలు ఫోన్ చేసి ఎవరు బతికారో, ఎవరు లేరో చెప్పేది. లేరని చెప్పినప్పుడు ఆమె గొంతు మారేది కాదు, ఫోన్ మాత్రం తొందరగా పెట్టేసేది. పదిహేను రోజుల సెలవులకు వచ్చినప్పుడు నా ట్రేలో సిరంజిలు సరిగా లేవని తప్పు పట్టింది. నేను గట్టిగా తిట్టాను, ఆ తరువాత సరిచేసుకున్నాను.

రజిత డాక్టరై ఇప్పుడు అటువైపే పని చేస్తోంది. సిరోంచాకు డాక్టరుగా ఎన్నడూ రాలేదు. ఆ సంఘటన నాకు నేర్పినది చిన్నదే. సర్టిఫికెట్ అడిగినవాళ్ళకు సర్టిఫికెట్ ఇవ్వాలి, సలహా అడిగితేనే సలహా ఇవ్వాలి. మా ఆసుపత్రిలో ఆ డాక్టర్ పోస్టు నేను రిటైరయ్యే నాటికీ ఖాళీగానే ఉంది. దాన్ని నింపాల్సింది ప్రభుత్వం, పదిహేడేళ్ళ పిల్ల కాదు.