నా పెళ్ళికి రాని పార్సిలు

నా పెళ్ళికి పిలిచినవాళ్ళంతా వచ్చారు, పిలవనివాళ్ళు కూడా వచ్చారు. రావలసిన ఒక్క పార్సిలు మాత్రం రాలేదు. దాన్ని పంపింది నేనే, పంపిన ఏజెన్సీ నాదే, దారి తప్పించిన తెలివీ నాదే. ఆ ఘనకార్యం మొత్తం చెబుతాను, మొహమాటం లేకుండా నవ్వుకోండి. మా ఆవిడ ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది కాబట్టి, మీరు నవ్వితే కొత్తగా పోయే పరువేమీ లేదు.

తొంభైల చివర్లో పెనుకొండ బస్టాండు ఎదురుగా నాకొక కొరియర్ ఏజెన్సీ ఉండేది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు భారతదేశ పటం, అన్నిటికంటే ముఖ్యంగా ఒక రబ్బరు స్టాంపు. అరచెయ్యంత ఉండేది. కంపెనీ పేరు, దాని కింద నా పేరు రామాంజి, దాని కింద లావు అక్షరాలతో 'పెనుకొండ'. జిల్లా కలెక్టరుకు కూడా అంత స్టాంపు ఉండదని నా నమ్మకం. చేతికొచ్చిన ప్రతి పార్సిలుకూ ముందొకటి, వెనకొకటి, పక్కల రెండు గుద్దితే గానీ నాకు అన్నం సయించేది కాదు.

ఆ రోజుల్లోనే మా కంపెనీకీ పోస్టాఫీసుకూ ఒప్పందం కుదిరింది. హిందూపురంలో ఒక లాడ్జి హాల్లో ఏజెంట్లందరినీ కూర్చోబెట్టి, బెంగుళూరు నుంచి వచ్చిన, టై కట్టుకున్న ఆఫీసరు వివరించాడు. పల్లెల పార్సిళ్ళు మాకు వచ్చినా సరే, పోస్టుమ్యాన్ చేరుస్తాడు. పట్టణాల పార్సిళ్ళు పోస్టుకు వచ్చినా సరే, మేం చేరుస్తాం. "చివరి మైలే అసలు మైలు" అన్నాడాయన. నా పక్కన కూర్చున్న మడకశిర ఏజెంటు లేచి నిలబడ్డాడు.

"సార్, మా పక్క చివరి మైలు తొమ్మిది కిలోమీటర్లుండాది. మధ్యలో వంక పారుతాది. దానికేం చేయాల?"

"మంచి ప్రశ్న" అని ఆఫీసరు చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టాం. సమాధానం మాత్రం ఈనాటికీ రాలేదు.

అప్పుడే నాకు పెళ్ళి కుదిరింది. అమ్మాయి పేరు సరోజ, గుడిబండ అవతల కన్నడ సరిహద్దులో ఒక పల్లె. పెళ్ళి మా ఇంట్లో, పెళ్ళి చీర మేం పెట్టాలి. అందరం కలిసి ధర్మవరం వెళ్ళాం. అంగడాయన చీరలన్నీ పరిచి, మడతలు విప్పీ విప్పీ అలసిపోయాక, సరోజ చిలకపచ్చ చీర ఒకటి ఒళ్ళోకి తీసుకుంది. వంకాయ రంగు అంచు. "నాకు ఇదే కావాల. పెళ్ళికి ఇది తప్ప ఇంకోటి కట్టుకోను" అంది మా అమ్మతో, నాకు వినబడేలా. ఆ అమ్మాయి మా ఇంటిని అడిగిన మొదటి కోరిక అది. ప్రాణం పోయినా తీర్చాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

కొంగుకు కుచ్చులు కట్టడానికి వారం పట్టింది. చీర తెచ్చేసరికి పెళ్ళికి పన్నెండు రోజులుంది. రవిక గుడ్డ చీరలోనే ఉంటుంది కాబట్టి, మడకశిర టైలరు రవిక కుట్టాలంటే చీర ముందు అమ్మాయికి చేరాలి.

"బస్సెక్కి పోయి ఇచ్చి రాప్పా" అంది అమ్మ.

"కొరియర్ ఏజెంటు పార్సిలు చంకలో పెట్టుకుని బస్సులో పోతే చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"అల్లుడు అత్తగారింటికి పోతాండాడు అనుకుంటారు."

అంత తేలిగ్గా వినేవాణ్ణయితే ఈ కథే ఉండేది కాదు. చీరను అట్టపెట్టెలో పెట్టి, గోనెగుడ్డ చుట్టి కుట్టి, సరోజ పేరూ ఊరూ ముత్యాల్లాంటి చిన్న అక్షరాలతో రాశాను. కాబోయే భార్య పార్సిలు కాబట్టి మామూలుకంటే ఎక్కువ ప్రేమతో స్టాంపులు గుద్దాను. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ పెనుకొండ.

మూడో రోజు చూస్తే పార్సిలు నా బల్ల మీదే ఉంది. మా వ్యాను డ్రైవరు బాషాను నిలదీశాను.

"ఏమబ్బా, దీన్ని ఈడ్నే వదిలేసి పోయినావా?"

"తీస్కపోయినానే."

"తీస్కపోతే ఈడెట్లుండాది?"

"నాకేం తెల్సునప్పా? మూటిస్తారు, తీస్కపోతా. మూటిస్తారు, తెస్తా. లోపల ఏముండాదో చూసేది నా పని గాదు."

అబద్ధం చెబుతున్నాడనుకుని, 'అర్జెంటు' అని ఇంకో స్టాంపు గుద్ది, దానికి తోడుగా మళ్ళీ పెనుకొండ గుద్ది పంపాను. నాలుగు రోజులకు పార్సిలు మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుంది. ఈసారి బాషా నాకంటే ముందే, "నన్ను అడగొద్దు" అని వెళ్ళిపోయాడు. నేను అడగలేదు, ఆలోచించనూ లేదు. గుద్ది పంపాను.

పల్లె నుంచి మామ, అంటే సరోజ వాళ్ళ నాన్న, ఫోను చేశాడు.

"ఏమప్పా అల్లుడూ, చీర రాలేదే."

"దావలో ఉండాది మామా."

"టైలరు దినామూ అడుగుతాండాడు."

వెనక నుంచి సరోజ వాళ్ళ అవ్వ గొంతు కన్నడంలో వినబడింది. "సీరె ఎల్లప్పా?" చీర యాడుందని ఇప్పుడు రెండు భాషల్లో అడుగుతున్నారు. అంతలో ఫోను సరోజ అందుకుంది.

"మీరే తెచ్చింటే అయిపోయేది గదా?"

"కంపెనీకి ఒక పద్ధతుంటాది."

"సరే" అంది. ఆ ఒక్క 'సరే'కు నాకు రెండు పూటలు ముద్ద దిగలేదు.

పెళ్ళికి రెండు రోజులుందనగా హిందూపురం వెళ్ళాను. మా ఆఫీసులో అడిగితే, ఒప్పందం ప్రకారం పోస్టుకు ఇచ్చామన్నారు. పోస్టాఫీసుకు వెళ్తే, పార్సిళ్ళు వేరుచేసే పెద్దాయన కళ్ళజోడు సర్దుకుంటూ నా పార్సిలునే తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఇది మూడోసారి రావడం. చుట్టూ పెనుకొండ అనుంటే పెనుకొండ పార్సిలే అనుకుని, ఒప్పందం ప్రకారం మీ కొరియరోళ్ళకు తిప్పి పంపిస్తాంటి. ఇప్పుడు చూస్తే ముద్రల కింద ఇంకో ఊరుండాది. ఎవరయ్యా ఈ ముద్రలు గుద్దిన మహానుభావుడు?"

"తెల్దు సార్" అన్నాను.

"కనబడితే చెప్పు. ముద్ర గుద్దేది పార్సిలు యాడ్నుంచి వచ్చిందో తెలిసేదానికి. యాడికి పోవాల్నో తెలియకుండా చేసేదానికి గాదు."

"చెప్తా సార్. దాన్ని నాకిచ్చేయండి, నేనే తీస్కపోతా."

"నీకెట్లిస్తా? పంపినోడు వచ్చి సంతకం పెడితే ఇస్తా. పంపినోడు నువ్వేనా?"

పంపినవాడి పేరు ఆ స్టాంపుల్లోనే ఉంది. నేనే అంటే, ఆ మహానుభావుణ్ణి కూడా నేనే అని ఒప్పుకోవాలి. ఒక్కమాట చెబితే చీర నా చేతికొస్తుంది, సరోజ కోరిక తీరుతుంది.

"కాదు సార్" అన్నాను.

పెద్దాయన ఎర్ర పెన్సిలుతో ఊరి పేరు దిద్ది, పల్లె సంచిలో వేశాడు. నేను వట్టి చేతులతో బస్సెక్కాను.

పెళ్ళివారి బస్సు ఆ పల్లె నుంచి పెనుకొండకు వచ్చిన రోజే, పోస్టుమ్యాన్ సైకిలు మీద చీర ఆ పల్లెకు వెళ్ళింది. సరోజ తన అక్క పాత పెళ్ళిచీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. రవిక వదులై భుజం మీద నిలవక, తాళి కట్టేంతసేపూ సర్దుకుంటూనే ఉంది. సర్దుకున్నప్పుడల్లా నావైపు ఒక చూపు చూసింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

పెళ్ళయిన నాలుగో రోజు బాషా మూట దించాడు. అందులో పార్సిలు. పల్లె పేరు కొట్టేసి, 'పెండ్లయి పెనుకొండకు పోయినది' అని పోస్టుమ్యాన్ గుండ్రటి అక్షరాలతో రాసి, మా ఇంటి చిరునామా వేశాడు. ఇప్పుడది పట్టణం పార్సిలు. ఒప్పందం ప్రకారం చేర్చవలసింది నేను. మా ఇల్లు ఆఫీసు వెనక సందులోనే.

"పార్సిలొచ్చింది" అన్నాను గడపలో నిలబడి.

"ఎవరికి?" అంది సరోజ.

"నీకే."

"ఎవరు పంపినారు?"

"నేనే."

"తెచ్చిందెవరు?"

"నేనే. ఈడ సంతకం పెట్టల్ల."

పార్సిలుకు అంటించిన రసీదు వైపు చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. చేతికొచ్చింది కదా అని, బయల్దేరేముందు అలవాటుగా రసీదు మీద కూడా నేనొకటి గుద్ది ఉన్నాను.

"యాడ పెట్టేది? జాగా యాడుండాది? అంతా మీరే ఉండారు" అంది. పెళ్ళయ్యాక మొదటిసారి నవ్వింది. గడప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఆ చిలకపచ్చ చీర సాక్షిగా, దాని కుచ్చుల సాక్షిగా, పెనుకొండ కోట వైపు తిరిగి ఆరోజు ప్రమాణం చేశాను: ఈ జన్మలో అత్తగారింటికి పోవలసిన వస్తువు ఏదీ నా ఒడి దిగి ఇంకో చేతికి పోదు. ఇప్పటికీ వాళ్ళమ్మకు పచ్చడి జాడీ పంపాలంటే సరోజ మూత బిగిస్తూ, "కొరియర్‌లో పంపుదామా?" అంటుంది. నేను చెప్పులు వేసుకుని, జాడీ చంకలో పెట్టుకుని బస్టాండుకు బయల్దేరతాను.