అరగంటకు ఆగే కారు

భూమ్మీద డీజిలు పుట్టిన రోజున, ఎటు పారాలో తెలియక అది మా తాత దగ్గరికే వచ్చి అడిగిందట. ‘టాంకులోంచి ఫిల్టరుకి, ఫిల్టర్లోంచి పంపుకి, పంపులోంచి నాజిళ్లకి’ అని ఆయన దారి చెప్పాడు. ఈనాటికీ అది ఆ గీత దాటలేదు. నేను ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టినదాన్ని కాబట్టి దీనికి రుజువులు చూపించలేను. మా తాతను చూపించగలను.

ఆయన షెడ్డు పెద్ద రోడ్డు వెనక సందులో ఉంది. ముందు గదిలో పని, వెనక గదిలో మంచం. పాత డీజిల్ కార్లు తప్ప ఇంకేవీ ముట్టుకోడు. అవి ఇప్పుడు రోడ్డు మీద ఎన్నని ఉన్నాయి? అమ్మమ్మ పోయి ఆరేళ్లయింది. నేను ఆదివారాలు వెళ్తాను. మిగతా ఆరు రోజులూ ఆయన మాట్లాడేది ఇంజిన్లోకి డీజిలు చిమ్మే ఆ నాజిళ్లతోనే. ఒక్కోదాన్ని టెస్టరుకి బిగించి మీట నొక్కుతాడు. మంచులా సన్నగా చిమ్మితే “శభాష్ రా” అంటాడు. చుక్కలు కారిస్తే “నీకేం మాయరోగం?” అంటాడు. అవి ఎదురు చెప్పవు కాబట్టి వాటితో ఆయనకు పేచీ లేదు.

ఒక ఆదివారం బల్ల మీద రెండు టీ గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి.

“ఎవరొచ్చారు తాతా?”

“ఎవరూ రాలేదు. ఒకటే కడిగితే ఏం బాగుంటుందని.”

అప్పటికి నేను కాక ఆ షెడ్డుకి వచ్చే మనిషి ఒక్కరే, నర్సమ్మ. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఆమెది ఇరవై ఆరేళ్ల బూడిదరంగు కారు. మొన్న వేసవిలో ఒకరోజు దాన్ని తోలుకొచ్చి, “మేస్త్రి గారూ, అరగంట బాగానే నడుస్తోంది. తర్వాత ఊపిరాడనట్టు గుక్కలు పెట్టి ఆగిపోతోంది. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తోంది” అంది. ఆ తర్వాత జరిగిందంతా సగం నర్సమ్మ బజారులో కనబడి చెప్పింది. మిగతా సగం తాత నోట్లోంచి పీకి తెచ్చాను.

తాత ఫిల్టరు మార్చాడు. అడుగున చేరిన నీళ్లు వదిలాడు. ఫిల్టరుకీ పంపుకీ మధ్య లోపల కనబడే ప్లాస్టిక్ గొట్టం పెట్టి, ఎక్కడైనా గాలి బుడగ వస్తుందేమోనని కళ్లు కాయలు కాసేలా చూశాడు. ఒక్క బుడగ లేదు. షెడ్డులో గంటసేపు ఇంజిను నడిపినా ఆగలేదు.

“ఇది నిలబెడితే దొరకదమ్మా, నిలబడి తాగే డీజిలెంత? రోడ్డు మీదే పట్టుకోవాలి.”

“అయితే ఎక్కండి.”

అమ్మమ్మ పోయాక తాత ఎవరి పక్కనా కూర్చుని ఎక్కడికీ వెళ్లలేదు. పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, బడికి కొత్తగా వెళ్లే పిల్లాడిలా బిగుసుకుని కూర్చున్నాడట. సరిగ్గా అరగంటకు, ఒక గిడ్డంగి గోడ పక్కన కారు ఆగింది. అది మళ్లీ లేచేదాకా ఆమె నారింజపండు ఒలిచి సగం ఇచ్చింది.

“ఇంట్లో మాట్లాడేవాళ్లెవరైనా ఉన్నారా మేస్త్రి గారూ?”

“నాజిళ్లున్నాయిగా.”

ఆమె పడీ పడీ నవ్విందట. తన మాటకు ఒకరు నవ్వి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

రెండో రోజు బానెట్ కింద ఒక క్యానులో డీజిలు కట్టి, దాని గొట్టం నేరుగా పంపుకే ఇచ్చాడు. “సెలైన్ పెట్టారన్నమాట!” అంది నర్సమ్మ. గంటన్నర తిరిగారు. కారు ఆగలేదు. అంటే పంపూ నాజిళ్లూ గట్టివే, జబ్బు వెనక టాంకు వైపుంది.

మూడో రోజు క్యాను తీసేసి బయల్దేరారు. కారు అరగంటకు ఆగింది. తాత దిగి టాంకు మూత తిప్పాడు. స్‌స్‌మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. తాళం తిప్పమన్నాడు. ఇంజిను ఒక్క దెబ్బకి అందుకుంది.

డీజిలు బయటికి పోతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి, లేకపోతే పంపుకి డీజిలు అందదు. అందుకే మూతకి సన్నటి రంధ్రం ఉంటుంది. ఈ మూతకి లేదు. పాతది పగిలిందని, నెల కిందట తుక్కు డబ్బాలోంచి ఏదో సరిపోయేది తీసి బిగించింది మా తాతే. రంధ్రం ఉందో లేదో చూసుకోలేదు.

తప్పు ఒప్పుకోవడం ఒక బాధ. ఒప్పుకుంటే రేపట్నుంచి ఈ కారు ఎక్కే పని ఉండదు, అది రెండో బాధ. మూత మళ్లీ గట్టిగా బిగించాడు.

“ఏమైనా తెలిసిందా?”

“రేపు చూద్దాం.”

ఆమె ఇరవై నిమిషాల్లో ఆయన్ని షెడ్డు దగ్గర దింపి వెళ్లిపోయింది. తాత కూర్చున్నాడు, లేచాడు. నాజిలు పట్టుకున్నాడు, కింద పెట్టాడు. పావుగంట కాకముందే ఫోను తీశాడు.

“ఎక్కడున్నారమ్మా?”

“వంతెన మీద. ఆగిపోయింది మహాతల్లి. వెనక లారీలు ఒకటే మోత.”

“మీరు దిగి టాంకు మూత తీసేయండి. వెంటనే లేస్తుంది. ఇక దాన్ని బిగించకుండానే ఇంటికెళ్లండి.”

“ఇప్పుడెలా తెలిసింది?”

“ఇందాకే తెలుసు. ఆ మూత పెట్టింది నేనే. తప్పు నాది.”

“మరి ఇందాకే చెప్పలేదేం?”

తాత ఫోను పెట్టేశాడు.

మర్నాడు ఆమె వచ్చింది. మూతకి సన్నగా రంధ్రం వేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఇంజిను నడుస్తుండగానే ఆమె కారు తలుపు పట్టుకుని, “ఇంకేమైనా చూడాలా మేస్త్రి గారూ?” అని అడిగింది.

“అక్కర్లేదు. గట్టిగా ఉంది.”

నిజంగానే గట్టిగా ఉంది. రెండు నెలలైంది, ఆమెకి ఇటు రావాల్సిన పనే పడలేదు. సందు మొదట్లో డీజిలింజిను చప్పుడు వినబడితే తాత చేతిలో పని ఆపుతాడు. అది దాటిపోయాక మళ్లీ మొదలుపెడతాడు.

ఇదంతా రాసి మొన్న ఆదివారం ఆయనకు చదివి వినిపించాను. వినిపించి ఊరుకోక, “ఆ ఫోను చెయ్యకపోతే ఇంకో వారం షికార్లు తిరిగేవాడివిగా తాతా!” అన్నాను.

ఆయన చేతిలో నాజిలు బల్ల మీద పెట్టాడు.

“నవ్వకే. వంతెన మీద ఆవిడకేమైనా అయ్యుంటే చంపింది నేనే. ముందు అది రాయి.”