ఒక్కసారే దాటే గీతలు

సూర్యాపేట ఇంటి వాకిట్లో అమ్మ, నేను, ముగ్గు చిప్ప, అప్పుడే చల్లిన పేడనీళ్ల వాసన. ఈ ఉదయం డ్రాయింగ్ బోర్డు మీద రెండు రోడ్లు కలిసే చోట ఇంటర్‌సెక్షన్ అని రాస్తుంటే, కింది వాకిట్లోంచి అదే వాసన వచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మిర్యాలగూడ మిల్లులో పనిచేసే నాన్న, గొడవల్లో ప్రాణం దక్కించుకోవడానికి మాకు చెప్పి, కోదాడ మీదుగా అప్పటి సంస్థానం సరిహద్దు దాటి వెళ్లిపోయాడు. ఆ వారమే ఇంగ్లీషు పంతులు ఇంటర్‌సెక్ట్ అనే మాట నేర్పాడు. రెండు తిన్నని గీతలు ఒక్కసారే ఒకదాన్నొకటి దాటుతాయనీ, ఆ తర్వాత దూరమవుతూనే ఉంటాయనీ చెప్పాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"అమ్మా, నాయిన మనల్ని దాటి పోయిండు గద. ఇగ మళ్ల కలవడా?" అని పొద్దున్నే అడిగాను.

అమ్మ ముగ్గు ఆపి, చుక్కల చుట్టూ రెండు మెలికల గీతలు తిప్పింది.

"సూడు పిచ్చోడా. ఇది మనం, ఇది మీ నాయిన. ఎన్నిసార్లు కలుస్తున్నయో సూడు. పంతులు సెప్పింది సక్కటి గీతల ముచ్చట. మనుషులు అట్ల నడుస్తరా?"

నాన్న వస్తాడని అమ్మకూ అప్పుడు తెలియదని ఇప్పుడు అర్థమవుతోంది. అయినా ఆమె ఆ రెండు గీతలనూ చివరిదాకా కలుపుతూనే గీసింది.

గొడవలు సద్దుమణిగాక ఒక సాయంత్రం నాన్న వచ్చాడు. ఆ పూట అన్నానికి ముగ్గురం కూర్చున్నాం.