డ్రైవింగ్ మాస్టారి రెండో బ్రేకు

డ్రైవింగ్ మాస్టారి కుడికాలు ఆయన మాట వినదు. నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, శిష్యులు గోడల మీదికి ఉరికినప్పుడల్లా దాన్ని తొక్కీ తొక్కీ ఆ కాలికి అదే లోకమైపోయింది. భార్య కూరలో ఉప్పు వేస్తుంటే తొక్కుతారు. టీవీలో ఎవరైనా మెట్లు దిగుతుంటే తొక్కుతారు. కాలు కదిలిందంటే నోరూ కదులుతుంది: "ఆగాగు." ఆ ఇంట్లో ఒక్క మాట చివరిదాకా వెళ్ళిన పాపాన పోలేదు.

అలాంటి ఇంట్లో పదో తరగతి చదివే కూతురు మాట్లాడటమే మానేసింది. తిండి తగ్గించింది, స్నేహితులను వదిలేసింది, గదిలో చేరి తలుపేసుకుంది. "బద్ధకం. పొద్దున్నే లేచి పరుగెత్తితే అదే పోతుంది" అని మాస్టారు తేల్చేశారు. డాక్టరమ్మ చూసి డిప్రెషన్ అన్నారు. మందులిచ్చి, వారానికోసారి వచ్చి మాట్లాడమన్నారు. మధ్య రోజుల్లో తోడుగా ఉంటుందని ట్యాబ్‌లో ఒక చాట్‌బాట్ పెట్టించారు. కన్నతండ్రికి "ఊఁ" తప్ప ఇవ్వని పిల్ల ఆ యంత్రానికి మాత్రం మూటల కొద్దీ కబుర్లు చెప్పసాగింది. మాస్టారికి ఒళ్ళు మండింది. ఆ మంట కింద భయం కూడా ఉంది. నేనంటే దీనికి అసహ్యమా?

ఆదివారం పిల్ల స్నానానికి వెళ్ళింది. ట్యాబ్ సోఫాలో తెరిచే ఉంది. తప్పని తెలిసీ మాస్టారు దాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఈరోజు మనసెలా ఉంది?" అని అడిగింది చాట్‌బాట్.

మాస్టారు కూతురి వేషం కట్టి ఒంటి వేలితో టైపు కొట్టారు: "నాన్నంటే నాకు పడదు. ఎందుకో చెప్పు."

"అది నాకెలా తెలుస్తుంది? నువ్వు చెప్పు, వింటాను."

వింటానని ఆయనతో ఎవరన్నారు గనక? మాస్టారు వచ్చిన పని మరిచిపోయారు. "ఈ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. నేనొస్తే లేచిపోతారు. ముద్ద దిగడం లేదు."

చాట్‌బాట్ కంగారుపడింది. "చాలా బరువు మోస్తున్నావు. నీకు నమ్మకమున్న పెద్దవాళ్ళదని మొదట్లో ఒక నంబరు ఇచ్చావు. వాళ్ళకి కబురు పెట్టనా?"

ఎవరా పెద్దవాళ్ళు? పిన్నే అయ్యుంటుంది, దీనికి పిన్నంటే ప్రాణం. తెలిస్తే తట్టుకోగలనా అనుకుంటూనే "పెట్టు" అని కొట్టారు.

ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే చాట్‌బాట్ పంపిన మెసేజ్:

"మీ అమ్మాయి ఇబ్బందిలో ఉంది. మిమ్మల్ని నమ్మి మీ నంబరు ఇచ్చింది. సలహాలు వద్దు. పక్కన కూర్చుని వినండి."

మాస్టారు దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు. ఏడుపొచ్చింది, ఏడ్చారు.

"అది నా ట్యాబ్, నాన్నా."

తడి జుట్టుతో కూతురు నిలబడి ఉంది. ట్యాబ్ లాక్కుని ఆయన కొట్టిందంతా చదివింది. మొహం ఎర్రబడింది.

"ఇంకెప్పుడూ ముట్టుకోకు."

"ముట్టుకోనమ్మా. తప్పయింది."

పిల్ల ఇంకోసారి చదివింది. "ముద్ద దిగడం లేదా? ఇందాక రెండోసారి కూడా వడ్డించుకున్నావు కదా." అని నవ్వేసింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

"నా నంబరు ఎందుకిచ్చావమ్మా?"

"నువ్వు పక్కనుంటే ఎవరూ గోడకి గుద్దుకోరుగా." ట్యాబ్ పక్కన పెట్టేసి అంది, "కాకపోతే బండి కదలకముందే తొక్కేస్తావు."

సోఫా అంచున కూర్చుంది. "ఒకటి చెప్తాను. మధ్యలో ఆపకు."

మాస్టారు రెండు కాళ్ళూ పైకి తీసి సోఫా మీద బాసింపట్టు వేసుకున్నారు.

"బడికి వెళ్ళాలంటేనే నాకు..." అని మొదలుపెట్టింది పిల్ల.

కుడి మోకాలు ఎగిరింది. మాస్టారు దాన్ని రెండు చేతులా అదిమిపట్టుకుని, నోరు మూసుకుని విన్నారు.