ఉలిగాట్లు లేని నాపరాయి

మా అన్న ప్రాణం తీసిన రాతిని అద్దంలాగా అరగదీసినారు. నంద్యాలలో ఖనిజాల మ్యూజియమని ఒకటి పెట్టినారే, ఆడ. పోయిన నెల కంటి డాక్టరు దగ్గరకు పోయినవాణ్ణి, పక్కనే కదా చూసొద్దామని లోపలికి పోయి, కండ్లారా చూసినాను.

మాది సంజామల దగ్గర పల్లె. ఇంటిల్లిపాదీ నాపరాతి గనిలో కూలికి పోయినవాళ్ళమే. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు, విరిగిన నాపబండల మీద బొగ్గుతో గీసి గీసి అక్షరాలు నేర్చుకొన్నవాణ్ణి. నా రాతలో మర్యాద తక్కువైతే మన్నించండి, మన్నించకపోయినా రాస్తాను. మా అన్న నోరున్నవాడు. "నాయనా, నీ ఉలి కంటే అమ్మ చేసిన సంగటి నమిలిన నా పళ్ళే గట్టివి" అని ఒకే మాటతో ఇద్దరినీ ఎగతాళి చేస్తే గనంతా నవ్వేది. వాన కురిసిన మర్నాడు పైగట్టు విరిగి అన్న మీద పడింది.

మా గనుల్లో ఒక కట్టుబాటు ఉండేది. మనిషిని తీసుకొన్న రాతిని అమ్మకూడదు. ఆ దినం గనిలో ఉన్న ప్రతి మనిషీ, మేస్త్రీ మొదలుకొని రాళ్ళు మోసే ఆడవాళ్ళ దాకా, దాని మీద ఉలితో తలా ఒక గాటు పెట్టాల. ఎన్నడూ ఉలి పట్టని మా అమ్మ పెట్టిన గాటు వంకరపోయి, మూలకు జారి ఉండేది. అమ్మ ఫోటో ఒక్కటీ లేదు మా ఇంట్లో. ఆమె చేతి గుర్తంటూ మిగిలింది అదే. గని మూతపడినాక ఈ మ్యూజియమోళ్ళు కారేసుకొని వచ్చి, ఉన్నదున్నట్టే పెడతామని నాకు మాటిచ్చి, ఆ రాతిని ఎత్తుకపోయినారు.

ఇప్పుడు దాంట్లో నా ముఖం కనపడతాంది, అమ్మ గాటు కనపడదు. కింద చీటీలో రాయి జాతి రాసినారు, మనిషి ఊసే లేదు. మా కాలపు గని యజమాని పరమ పిసినారి, కూలి అడిగితే కసురుకొనేవాడు. అట్లాంటోడు కూడా ఆ రాయి పక్కన పోయేటప్పుడు చెప్పులు విడిచేవాడు. ఇంత చదువుకొన్న వీళ్ళకు రాయి మెరిస్తే చాలు.

ఊరుకోలేదు నేను. మ్యూజియానికి పోయిన ప్రతిసారీ పెద్దసారు లేడన్నారు, మీటింగన్నారు. చివరికి వాకిట్లోనే కూర్చుంటే, ఆ పెద్దసారు బయటికొచ్చి, నా భుజం తట్టి, నవ్వుతా చెప్పిన జవాబు ఇది:

"ఆ గాట్లు రాయి పాడైన గుర్తులేమో అనుకొని పాలీషు పట్టించినాం పెద్దాయనా. దీనికింత రచ్చెందుకప్పా? యాడ యాడ ఉండెనో చూపియ్యి, ఆళ్ళగడ్డ శిల్పులను పిలిపించి, ఇంతకంటే అందంగా కొట్టిస్తాం."