బస్‌స్టాపులో బస్సుకు చోటు లేదు

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు కనుక డిపోలో అందరూ ‘సాధువు’ అనేవారు. ఆ సాధువుకే ఒళ్లు మండిపోయింది.

మార్కెట్ వీధి స్టాపు పక్కన ఫర్నిచర్ దుకాణం ఎత్తేసి, సరుకులు నిమిషాల్లో ఇళ్లకు పంపే గోదాము పెట్టారు. అప్పట్నుంచి స్టాపు పొడవునా డెలివరీ బళ్లు, వాటి వెనక సరుకు దించే లారీలు. బస్సును నడిరోడ్డు మీదే ఆపాల్సి వచ్చేది. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఆ సందుల్లోంచి దూరి వచ్చి ఎక్కేవారు. ఆయన డిపోలో మొత్తుకున్నాడు, ట్రాఫిక్ పోలీసులకు చెప్పుకున్నాడు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

ఒక పొద్దున ఒక పెద్దావిడ బస్సు దిగుతుండగా, పక్కనుంచి దూసుకొచ్చిన డెలివరీ బండి ఆమెను పడగొట్టింది. తుంటి ఎముక విరిగింది. బండి నడిపినతను హెల్మెట్ తీసి పరుగెత్తుకొచ్చాడు.

“లేటయితే నా ఐడీ ఆపేసి పని లేకుండా చేస్తారన్నా, కళ్లు మూసుకుని వచ్చేశాను.”

తిట్టబోయిన డ్రైవరు ఆవిణ్ని లేపడానికి వంగాడు. ఇద్దరూ కలిసి ఆవిణ్ని బస్సులోనే ఆసుపత్రికి చేర్చారు.

వారం తిరక్కుండానే డిపో మేనేజరు పిలిపించాడు.

“స్టాపులో ఆపకుండా నడిరోడ్డు మీద ఎందుకు ఆపావయ్యా?”

“స్టాపు ఎక్కడుందో మీరే వచ్చి చూపించండి సార్.”

“ఇక ఆ గొడవే ఉండదులే. ట్రాఫిక్‌కి అడ్డమని ఆ స్టాపే తీసేస్తున్నారు.”

“బస్సు నిండా ఉన్న జనం అడ్డమా సార్? ఒకడింటికి పోయే ఒక్క పెరుగు ప్యాకెట్ అడ్డం కాదా?” అని అరిచాడాయన. బయట ఉన్న కండక్టర్లు ఉలిక్కిపడ్డారు.

ఇంటికెళ్లేసరికి భార్య అదే గోదాము సంచి విప్పుతోంది.

“నువ్వు కూడానా!”

“నామీద ఎగురుతావేం? సందు చివరి కొట్టు మూతపడింది. మార్కెట్‌కి వెళ్దామంటే నీ స్టాపులో దిగడానికి నాకు గుండె చాలదు.”

ఆయన చెప్పులు విడిచి, సంచిలో సరుకులు తనే తీసి సర్దాడు.

స్టాపు స్తంభం పీకడానికి మనుషులు వచ్చిన రోజు, ఆయన సెలవు పెట్టి దాని పక్కన నిలబడ్డాడు. రోజూ ఎక్కే ప్రయాణికులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పెద్దావిడ కూతురు కూడా వచ్చింది. అందరికంటే ముందు తన బండి పక్కకు తీసి వాళ్లలో కలిసింది ఆ డెలివరీ మనిషే. స్తంభం పీకడానికి వచ్చినవాళ్లు సాయంత్రం దాకా చూసి వెనక్కి పోయారు.

స్టాపు మిగిలింది. ఆయన్ని మాత్రం డిపోలో బస్సులు కడిగే షెడ్డుకు మార్చారు. గోదాము మీద ఈగ కూడా వాలలేదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే చాలు, నీళ్ల పైపు కింద పడేసి అడుగుతాడు: “రోడ్డు ఎవడబ్బ సొత్తు?”