నేర్పని పని

ఎవరి సొమ్మూ ఊరికే తినడని ఆ టైలరుకు పేరు. ఉద్యోగం పోయినవాళ్లను చేర్చుకుని పని నేర్పితే ఆరు నెలలు సగం జీతం ప్రభుత్వమే ఇస్తుందని తెలిసి, మిల్లు మూతపడి రోడ్డున పడ్డ ఒకావిడను పెట్టుకున్నాడు. నేర్పుతానని సంతకం కూడా చేశాడు. తీరా ఐదు నెలల పాటు ఆమె చేత దుకాణం ఊడ్పించాడు, టీలు తెప్పించాడు, గుండీలు ఏరించాడు. మిషను మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వలేదు.

ఒకరోజు తనిఖీకి ఆఫీసరమ్మ వచ్చి నేరుగా ఆమెనే అడిగింది.

"ఏమ్మా, ఈయన మీకు పని నేర్పారా?"

టైలరు కుడుతున్న మిషను ఆపేశాడు.

"నేర్పారండీ," అంటూ ఆమె సంచిలోంచి ఒక పాత చొక్కా తీసి చూపించింది. దాని నిండా చేత్తో కుట్టిన కాజాలే. మొదటివి వంకరటింకరగా ఉన్నాయి. చివరివి అచ్చం టైలరు కుట్టినట్టే ఉన్నాయి.

ఆఫీసరమ్మ తృప్తిగా రాసుకుని వెళ్లిపోయింది.

"ఇవెప్పుడు నేర్చుకున్నావమ్మా?" అన్నాడు టైలరు.

"మీరు కుడుతుంటే చూసి, ఇంటికెళ్లి కుట్టుకునేదాన్ని అన్నయ్యా. ఉన్నది ఉన్నట్టు చెబితే ఈ పనీ పోతుందని భయమేసింది. ఏమనుకోకండి."

క్షమించమని ఆమె అడుగుతుంటే అతనికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మిషను ముందు నుంచి లేచి, "కూర్చో తల్లీ," అన్నాడు.

ఆరు నెలలు దాటాక కూడా, పూర్తి జీతం తనే ఇస్తూ, ఆమెను పనిలో ఉంచుకున్నాడు. ఆమె మొహం చూసి మాట్లాడటానికి మాత్రం అతనికి చాలా కాలం పట్టింది.